గోల్ పడితే... సత్ శ్రీ అకాల్!

ఏడేళ్ల పిల్లాడు గడ్డిలో బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. వెనక వాళ్లమ్మ మోకాళ్ల మీద నిలబడి వాడి జుట్టు దువ్వి, నడినెత్తిన ముడివేసి, దానిమీద నారింజరంగు పట్కా బిగించి కడుతోంది. వాడి జెర్సీ కూడా నారింజే. వాడి చూపు మాత్రం ఎదురుగా ఉన్న గోల్‌పోస్టు మీద. ‘అయిందా?’ అని నిమిషానికోసారి ఇంగ్లిషులో అడుగుతున్నాడు. ‘కదలకు’ అని ఆవిడ పంజాబీలో కసురుతోంది. పక్కన ఇంకో ముగ్గురు తల్లులదీ అదే పని. క్రాపు చేయించుకున్న పిల్లలు ఈ తతంగంతో పని లేక అప్పటికే బంతి వెంట పరిగెడుతున్నారు.

ఇది అమృత్‌సరూ కాదు, జలంధరూ కాదు. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌ని ఆనుకుని ఉన్న స్మెథిక్ ఊరి దగ్గర ఓ పెద్ద పార్కు. జులై నెల, శనివారం ఉదయం తొమ్మిది గంటలు. వాళ్లకది నడివేసవి. నాకు మాత్రం స్వెట్టరు విప్పబుద్ధి కాలేదు. తెల్లవారుజామున పడిన జల్లుకి గడ్డంతా తడి. పార్కులో ఆరు చోట్ల తెల్లగీతలు గీసి, చిన్నా పెద్దా గోల్‌పోస్టులు పాతారు. చుట్టూ గుడారాలు. ఓ గుడారంలోంచి పోపు వాసన. మైకులో ఒకాయన పంజాబీలో మొదలుపెట్టి ఇంగ్లిషులో ముగిస్తూ ఏ జట్టు ఏ మైదానానికి వెళ్లాలో చెబుతున్నాడు.

బర్మింగ్‌హామ్‌లో మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు పక్కింటి సర్దార్‌గారు మా బావకి ఓ కరపత్రం ఇచ్చి, ‘పాజీ, మీ ఇంటికొచ్చిన చుట్టాన్ని కూడా తీసుకురండి. కోటలూ మ్యూజియాలూ ఎప్పుడైనా చూడొచ్చు’ అన్నారట. ఆయన మాట మీద వెళ్లాం. శని, ఆదివారాలు రెండూ అక్కడే గడిచిపోయాయి. కోటలు చూడనే లేదు.

ఇంగ్లండులో వేసవి వచ్చిందంటే సిక్కుల క్లబ్బులకి ఫుట్‌బాల్ పండగ. శని, ఆదివారాల్లో ఒక్కోసారి ఒక్కో ఊరు. ఆ ఊరి గురుద్వారా, ఆ ఊరి క్లబ్బు కలిసి పెళ్లివారిలా అతిథుల్ని పిలుస్తాయి. జట్లన్నీ వ్యాన్లలో దిగిపోతాయి. ఏడేళ్లలోపు పిల్లల దగ్గర్నుంచి పొట్టలొచ్చిన నడివయసు ‘వెటరన్ల’ దాకా విడివిడిగా పోటీలు. ఆడపిల్లలకి వేరే. ఎవరికీ జీతాల్లేవు. సోమవారం పొద్దున్నే ఒకరు లారీ ఎక్కాలి, ఒకరు దుకాణం తెరవాలి, మరొకరు ఆస్పత్రిలో డ్యూటీకి వెళ్లాలి.

ఊరి సంగతి

పార్కుకి వెళ్లేముందు స్మెథిక్ హైస్ట్రీట్‌లో కాసేపు నడిచాం. బర్మింగ్‌హామ్ న్యూస్ట్రీట్ స్టేషన్ నుంచి రైల్లో కొద్ది నిమిషాల దూరమే. రోడ్డు పక్కన గుమ్మటాలతో గురునానక్ గురుద్వారా. దానికెదురుగా కంచు సిపాయి విగ్రహం. తలపాగా, చేతిలో తుపాకీ. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ తరఫున పోరాడిన దక్షిణాసియా సైనికుల గుర్తుగా 2018 నవంబరులో దాన్ని నిలబెట్టారు. యుద్ధానికి పిలిచినవాళ్లు తర్వాత పక్కింట్లో ఉంటామంటే ఒప్పుకోవడానికి ఎంతకాలం పట్టిందో ఈ ఊరినడిగితే చెబుతుంది.

యాభై, అరవైల్లో పంజాబ్ నుంచి, ముఖ్యంగా జలంధర్, హోషియార్‌పూర్ జిల్లాలుండే దోఆబా ప్రాంతం నుంచి కుర్రాళ్లు ఇక్కడికొచ్చారు. పని... ఫౌండ్రీలు. ఇనుము, అల్యూమినియం కరిగించి అచ్చుల్లో పోసే కార్ఖానాలు. తెల్లవాళ్లు చెయ్యనన్న వేడి పని, రాత్రి షిఫ్టులు. 1964 ఎన్నికల్లో వలసవాళ్ల మీద ద్వేషమే ప్రచారంగా సాగి, పీటర్ గ్రిఫిత్స్ అనే కన్సర్వేటివ్ అభ్యర్థి ఇక్కడ గెలిచాడు. ఇక్కడి మార్షల్ స్ట్రీట్‌లో అమ్మకానికొచ్చే ఇళ్లను మునిసిపాలిటీయే కొని తెల్లవాళ్లకి మాత్రమే ఇవ్వాలని కొందరు పట్టుబట్టారు. ఆ గొడవ అమెరికా దాకా వినబడింది. 1965 ఫిబ్రవరి 12న మాల్కం ఎక్స్ స్వయంగా వచ్చి ఆ వీధిలో నడిచాడు. తర్వాత తొమ్మిది రోజులకి ఆయన్ని న్యూయార్కులో కాల్చి చంపారు. ఇప్పుడా వీధిలో చూడ్డానికేం లేదు. వరసగా ఎర్రిటుక ఇళ్లు, కార్లు. మా బావ ఆ దారిన ఎన్నోసార్లు వెళ్లాడట గానీ ఈ కథ తెలీదన్నాడు.

పక్కనున్న వూల్వర్‌హాంప్టన్‌లో ఇంకో గొడవ. తర్సేమ్ సింగ్ సంధూ అనే బస్సు డ్రైవరు 1967లో గడ్డంతో, తలపాగాతో డ్యూటీకి వస్తే ఇంటికి పంపేశారు. ఊరేగింపులు జరిగాయి. చివరికి ఓ సిక్కు నాయకుడు నిప్పంటించుకుని చస్తానని ప్రకటించాక, 1969లో గానీ ఆ నిషేధం ఎత్తెయ్యలేదు.

అలాంటి రోజుల్లో ఆదివారం సాయంత్రం బంతాడుకుందామని ఎవరికైనా అనిపిస్తే ఏ క్లబ్బు రానిస్తుంది? వాళ్ల జట్టు వాళ్లే కట్టుకున్నారు. వాళ్ల పోటీలు వాళ్లే పెట్టుకున్నారు. అరవైల్లో మొదలైన ఆ పోటీలకి పెట్టుకున్న పేరు షహీద్ ఉధమ్ సింగ్. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్ కాల్పులు జరిగినప్పుడు పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నరుగా ఉన్న మైకేల్ ఓడ్వయర్‌ని, 1940 మార్చి 13న లండన్ కాక్స్‌టన్ హాల్లో కాల్చినవాడు. అదే ఏడాది జులై 31న పెంటన్‌విల్ జైల్లో ఉరితీశారు. ఉరితీసిన దేశంలోనే ఆయన పేరు మీద కప్పు పెట్టి, ఇంగ్లిషువాడి ఆటే ఆడారంటే, ఆ కుర్రాళ్ల గుండెధైర్యానికి దండం పెట్టాలి!

కాలం గడిచేకొద్దీ ఆ పోటీల్లో ఆట తగ్గి మందు, కొట్లాటలు పెరిగాయని పెద్దలు బాధపడ్డారు. అందుకే 1991లో ఖల్సా ఫుట్‌బాల్ ఫెడరేషన్ పుట్టింది. మైదానంలో సారా, సిగరెట్ కనబడకూడదు. అందరికీ లంగర్ భోజనం పెట్టాలి. ఆట మొదలయ్యేముందు అర్దాస్ ప్రార్థన చెయ్యాలి. నేను చూసిన టోర్నమెంటు ఆ పద్ధతిలో నడిచిందే. తొమ్మిదిన్నరకి మైకు ఆగిపోయింది. జనమంతా బూట్లతోనే, తలలు కప్పుకుని, చేతులు జోడించి నిలబడ్డారు. మూడు నాలుగు నిమిషాలు పార్కులో పిట్టల గోల తప్ప ఏమీ వినబడలేదు. చివర్లో ‘బోలే సో నిహాల్’ అని ఒక గొంతు, ‘సత్ శ్రీ అకాల్’ అని వందల గొంతులు. ఆ వెంటనే ఆరు మైదానాల్లో ఆరు విజిళ్లు.

పప్పూ రొట్టే... పెనాల్టీ

ఆట గురించి గొప్పలు చెప్పను. టీవీలో చూసే ప్రీమియర్ లీగ్ కాదిది. మ్యాచ్‌లు చిన్నవి. ఒకటి ముగియగానే ఇంకోటి. పదేళ్ల పిల్లల ఆటలో బంతి ఎక్కడుంటే పద్నాలుగు మందీ అక్కడే... చీమల దండులా. కోచ్ ‘విడిపోండర్రా’ అని అరుస్తుంటే తల్లులు ‘ఛేతీ, ఛేతీ’ అంటారు. అంటే త్వరగా అని. ఇద్దరి మాటా పిల్లలు వినరు.

పెద్దల ఆట మాత్రం గట్టిదే. స్మెథిక్, వెస్ట్ బ్రామ్‌విచ్ చుట్టుపక్కల్ని బ్లాక్ కంట్రీ అంటారు. ఒకప్పుడు బొగ్గు పొగతో నల్లబడిన నేల. ఆ యాస ఇంగ్లిషువాళ్లకే సరిగా అర్థంకాదట. ఆ యాసలో బంతి అడిగి, అది రాకపోతే పంజాబీలో తిట్టే కుర్రాళ్లని చూడాలి! రెఫరీ సర్దార్జీ కావడంతో ఆ తిట్లు ఆయనకి తెలియనట్టు నటించే వీల్లేదు. ఒక నడుంకట్టు మీసాలాయన... వెటరన్ల జట్టులో వెనక నిలబడే డిఫెండరు... మ్యాచంతా పది గజాలు కదలకుండా, అందరికీ దారి చెబుతూ, ఒక్క బంతీ పోనివ్వకుండా ఆడాడు. నలభై దాటినవాళ్లం కదా, మా బావా నేనూ ఆయనకే చప్పట్లు కొట్టాం.

పన్నెండింటికి లంగర్. పప్పు, రొట్టె, సెనగల కూర, ఖీరు, గ్లాసుల నిండా టీ. వరసలో గురుద్వారా అధ్యక్షుడి వెనక గోల్ మిస్సయిన కుర్రాడు, వాడి వెనక కుక్కని షికారుకి తెచ్చిన తెల్లావిడ. ఆవిడకి రొట్టె ఇవ్వబోతే ఎంత అని పర్సు తీసింది. డబ్బుల్లేవు తినమ్మా అన్నారు. కుక్కకి కూడా ఓ రొట్టె ఇచ్చారు. వండేవాళ్లూ వడ్డించేవాళ్లూ తెల్లవారుజామున నాలుక్కే గురుద్వారా వంటింట్లో చేరారట. సేవ అంటారు దాన్ని. రొట్టెలు కాల్చిన ఒకావిడ కూతురు ఆడపిల్లల జట్టులో గోల్‌కీపరు. ఆవిడ పెనం దగ్గర్నుంచి లేచేసరికి ఆ మ్యాచ్ అయిపోయింది. ‘గెలిచారా?’ అనడిగితే, ‘ఓడారు. అయినా రెండు ఆపింది’ అంది గర్వంగా.

ఆడపిల్లల పోటీల గురించి ఒక మాట. జట్ల సంఖ్య మగపిల్లల్లో సగం కూడా లేదు. వాళ్ల మ్యాచ్‌లని పార్కు చివరి మైదానంలో పడేశారు. ఆ మైదానం ఎత్తుపల్లాలు. గురువుల దగ్గర ఆడామగా తేడా లేదని చెప్పుకునే సమాజం మంచి మైదానం కూడా సమంగా పంచితే బాగుండేది. ఈ మాట నేను కాదు, వాళ్ల కోచ్ అమ్మాయే మైకు దగ్గరికి వెళ్లి గట్టిగా అంది. ఆదివారం ఫైనల్‌ని నడిమైదానానికి మార్చారు.

రహీం సాబ్ ఊరివాళ్లా!

లంగర్ గుడారం దగ్గర మడతకుర్చీలో కూర్చున్న ఓ పెద్దాయన నన్ను పిలిచి, ఏ ఊరని హిందీలో అడిగారు. డెబ్భై ఎనిమిదేళ్లుంటాయి. తెల్లటి గడ్డం, నీలం తలపాగా, కోటు మీద ఉన్ని మఫ్లరు. హైదరాబాద్ అన్నాను. సాఫ్ట్‌వేరా అని అడుగుతారనుకున్నా. ఆయన కుర్చీలోంచి సగం లేచారు. ‘హైదరాబాదా! రహీం సాబ్ ఊరు!’

నాకు చాలా ఆనందమేసింది. మన ఊళ్లో ఎవరినడిగినా ‘మైదాన్’ సినిమా వచ్చేదాకా ఆ పేరు తెలీదన్నారు. సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిందంటే ఆయన చలవే. 1962లో జకార్తా ఏషియాడ్‌లో భారత్‌కి బంగారు పతకం తెచ్చిన కోచ్ ఆయనే. ఆ జట్టులో మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. హోషియార్‌పూర్ జిల్లా నుంచి జర్నైల్ సింగ్ ఉన్నాడు.

పెద్దాయన అందుకున్నది ఆ పేరునే. ఆయనదీ ఆ జిల్లాయే, మాహిల్‌పూర్ దగ్గర పల్లె. మాహిల్‌పూర్ అంటే పంజాబ్ ఫుట్‌బాల్‌కి నారుమడి. జర్నైల్ అక్కడి ఖల్సా కాలేజీలో చదివాడు. ‘మా ఊళ్లో పిల్లలందరం జర్నైల్‌లా జుట్టు ముడికి రుమాలు కట్టుకుని ఆడేవాళ్లం. బూట్లు మాత్రం ఎవరికీ లేవు’ అన్నారు. జకార్తా కథ ఆయన చెబుతుంటే గుడారంలో టీ పోసేవాళ్లు కూడా ఆగిపోయారు. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో జర్నైల్ తల పగిలింది. కుట్లు పడ్డాయి. డిఫెండరుగా తలతో బంతి కొట్టే పరిస్థితి లేదు. రహీం అతన్ని వెనక నుంచి తీసి ముందు వరసలో సెంటర్ ఫార్వర్డుగా నిలబెట్టాడు. సెమీస్‌లో గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో ఫైనల్లో పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే రహీం క్యాన్సర్‌తో పోయారు.

‘అదీ కోచ్ అంటే. బుర్ర పగిలినవాడిలో కూడా ఏం మిగిలుందో చూశాడు’ అన్నారాయన, టీ గ్లాసు నాకందిస్తూ.

ఆయన 1966లో తండ్రి వెంట ఇంగ్లండు వచ్చారు. ఫౌండ్రీలో పని. శనివారం రాత్రి షిఫ్టు దిగి, నిద్రలేకుండా ఆదివారం ఆట. ఇక్కడికి దగ్గర్లోనే వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్ వాళ్ల హాథార్న్స్ స్టేడియం ఉంది. ‘మ్యాచ్ రోజున ఆ రోడ్డు మీదికి వెళ్లేవాళ్లం కాదు. తలపాగా కనబడితే ఎవడో ఒకడు లాగేవాడు. ఇప్పుడు నా మనవలు డోలు పట్టుకుని అదే స్టేడియానికి వెళ్తారు’ అన్నారు. నిజమే. ఆల్బియన్‌కి ‘అప్నా ఆల్బియన్’ అని, వూల్వ్స్‌కి ‘పంజాబీ వూల్వ్స్’ అని అభిమాన సంఘాలున్నాయి.

బయటి ఆట, లోపలి ఆట

మరి స్టేడియంలోకి రానిచ్చినవాళ్లు మైదానంలోకి రానిచ్చారా? అక్కడే ఉంది చిక్కు. ఇంగ్లండు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో దక్షిణాసియా మూలాలున్న ఆటగాళ్లు వందకి ఒకరు కూడా లేరు. వూల్వ్స్‌కి కెప్టెన్సీ చేసిన డానీ బాత్ తండ్రి పంజాబీ. ఇంకో నలుగురైదుగురి పేర్లు చెప్పగలరు. అక్కడితో ఆగిపోతారు. విజిల్ పట్టుకున్నవాళ్ల కథ కొంత నయం. జర్నైల్ సింగ్ అనే పేరే ఉన్న ఒకాయన 2004లో ఫుట్‌బాల్ లీగ్‌లో మొదటి తలపాగా రెఫరీ అయ్యాడు. ఆయన కొడుకు భూపిందర్ సింగ్ గిల్ 2023 జనవరిలో ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌కి అసిస్టెంట్ రెఫరీగా నిలిచిన తొలి సిక్కు పంజాబీ. ఇంకో కొడుకు సన్నీ సింగ్ గిల్ 2024 మార్చి 9న క్రిస్టల్ ప్యాలెస్, లూటన్ మ్యాచ్‌కి విజిల్ ఊదాడు. ప్రీమియర్ లీగ్‌లో నడిమైదానంలో నిలబడ్డ మొదటి బ్రిటిష్ దక్షిణాసియా రెఫరీ.

ఆ పట్కా కట్టించుకున్న పిల్లాడి సంగతే చూడండి. కెనడాలోని క్యుబెక్ ఫుట్‌బాల్ సంఘం తలపాగాతో ఆడకూడదని పట్టుబట్టింది. 2013 జూన్‌లో గొడవై, కెనడా జాతీయ సంఘం క్యుబెక్ వాళ్లని సస్పెండ్ చేసేదాకా వెళ్లింది. ఆ తర్వాత వాళ్లు దిగొచ్చారు. 2014 మార్చిలో గానీ తల కప్పుకునే గుడ్డకి ఆట నియమాల్లో శాశ్వతంగా చోటు దొరకలేదు. నలుపో, జెర్సీ రంగో అయుండాలి, పిన్నులు ఉండకూడదు, జెర్సీకి తగిలించకూడదు. ఆ తల్లి నారింజ పట్కా ఎందుకు ఎంచుకుందో నాకప్పుడు తెలిసింది.

అందుకే ఈ టోర్నమెంట్ల గురించి సిక్కుల్లోనే రెండు మాటలున్నాయి. మనలో మనమే ఆడుకుంటుంటే బయటి క్లబ్బుల కంట్లో ఎప్పుడు పడతామని కొందరు. బయట ఎవరూ పిలవనప్పుడు మనవాళ్లని ఆటలో నిలబెట్టినవి ఇవే కదా అని కొందరు. రెండోవాళ్ల చేతిలో గట్టి సాక్ష్యమే ఉంది. ఇక్కడికి దగ్గర్లోనే విల్లెన్‌హాల్‌లో 1991లో పుట్టిన స్పోర్టింగ్ ఖల్సా క్లబ్బు సొంత మైదానం సంపాదించుకుని, 2015లో ఎఫ్ఏ కప్పు నాలుగో అర్హత రౌండు దాకా వెళ్లింది. కెంట్‌లోని గ్రేవ్‌సెండ్‌లో 2003లో మొదలైన పంజాబ్ యునైటెడ్ కూడా స్థానిక లీగుల్లో మెట్టు మెట్టూ ఎక్కింది. ఈ జట్లలో ఇప్పుడు తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కూడా ఆడతారు. ఒకప్పుడు వీళ్లని రానివ్వని ఊళ్లలో ఇప్పుడు వీళ్ల జట్టులో చోటుకోసం ఇతరులొస్తున్నారు.

పెద్దాయన ఇంట్లో మాత్రం ఈ వాదన పుస్తకాల్లోది కాదు. పక్కనే నీళ్లసీసాల బుట్ట పట్టుకుని నిలబడ్డ పద్నాలుగేళ్ల మనవణ్ణి చూపించారు. సన్నగా పొడుగ్గా ఉన్నాడు. నల్ల పట్కా, టోపీ స్వెట్టరు. ఓ పెద్ద ప్రొఫెషనల్ క్లబ్బు అకాడమీలో ఐదేళ్లుగా ఉన్నాడట. వారానికి నాలుగు రోజులు సాధన, బడి నుంచి నేరుగా అటే. ఆ క్లబ్బులో పేరున్న పిల్లలు బయట ఎక్కడా ఆడకూడదు. కాలు బెణికితే నష్టం వాళ్లది కదా. వీడి ఈడు నేస్తాలంతా గురుద్వారా జట్టులో ఆడుతున్నారు. వీడు వాళ్లకి నీళ్లు మోస్తున్నాడు.

‘ఈ జట్టు నేనూ నా స్నేహితులూ కట్టింది. నా కొడుకు ఆడాడు. వీడాడకూడదట!’ పెద్దాయన గొణుగుడు శనివారమంతా ఆగలేదు. ఆ కొడుకే ఇప్పుడు పద్నాలుగేళ్లలోపు జట్టుకి కోచ్. ఆయన నాతో మెల్లిగా అన్నాడు: ‘నాన్నగారికి కోపం. కానీ మీరే చెప్పండి అంకుల్‌జీ, ఆ తలుపు తెరుచుకోవడానికి మాకు అరవయ్యేళ్లు పట్టింది. నేను మూయలేను. అకాడమీలో ఉన్నవాళ్లలో చాలామందిని తర్వాత పంపేస్తారని కూడా తెలుసు. పంపేస్తే ఇక్కడికే వస్తాడు. అప్పుడు ఈ జట్టు ఉండాలి కదా. అందుకే నేనిది వదల్లేదు.’

కుర్రాణ్ణి అడిగితే భుజాలెగరేసి నవ్వాడు. కాసేపాగి, ‘అకాడమీలో నన్ను ఇంటిపేరుతో పిలుస్తారు. ఇక్కడ అందరూ చిన్నప్పటి ముద్దుపేరుతో పిలుస్తారు’ అన్నాడు. ఏది ఇష్టమో చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆ జట్టు సెమీఫైనల్ ఆడింది. ఏడుగురేసి ఆట. లెస్టర్ నుంచి వచ్చిన జట్టు ప్రత్యర్థి. వీళ్లకి బయట కూర్చునే అదనపు ఆటగాడు ఒక్కడే. పొద్దున్నే ఒకడికి కాలు పట్టేస్తే వాడూ లోపలికి వెళ్లిపోయాడు. స్కోరు 1-1. ఇంకో ఐదు నిమిషాలుందనగా వీళ్ల డిఫెండరు చీలమండ పట్టుకుని కూలబడ్డాడు. ఐసు పెట్టారు, నిలబడలేకపోయాడు. ఆరుగురు మిగిలారు. ఆరుగురూ తిరిగి చూసింది ఒకవైపే... నీళ్లబుట్ట వైపు.

కుర్రాడు బుట్ట కింద పెట్టాడు. స్వెట్టరు జిప్పు లాగాడు. లోపల జట్టు జెర్సీ ఉంది! ఎప్పుడు తొడుక్కున్నాడో, ఎవరిచ్చారో. తండ్రి ముఖం చూడాలి. వద్దనలేడు, ఆడమనలేడు. ‘నీ ఇష్టం’ అని మాత్రం అన్నాడు, వేరే వైపు చూస్తూ.

రెండు రోజులుగా సణుగుతున్న పెద్దాయన అప్పుడు కుర్చీలోంచి లేచారు. నాలుగడుగులు వేసి, మనవడి స్వెట్టరు జిప్పు పట్టుకుని మళ్లీ మెడదాకా లాగారు. ‘ఆ ఆరుగురూ ఆడతారు. నువ్వు నీళ్లియ్యి’ అన్నారు పంజాబీలో. అంతే. వచ్చి కూర్చున్నారు. మోకాళ్ల మీద చేతులు వణుకుతున్నాయి. నేను చూడనట్టు మైదానం వైపు తిరిగాను.

ఆరుగురూ బాగానే ఆడారు. చివరి నిమిషం దాకా ఆపారు. కానీ చివర్లో కార్నర్ నుంచి వచ్చిన బంతి ఎవరి తలకో తగిలి లోపలికి పోయింది. 2-1. లెస్టర్ పిల్లలు ‘సత్ శ్రీ అకాల్’ అని గంతులేశారు. ఓడినవాళ్లు ఏడ్చారు. ఐదు నిమిషాలకి అందరూ జిలేబీల దగ్గర కలిసిపోయారు. ఫైనల్లో లెస్టర్ వాళ్లు కూడా ఓడారు. పెద్దల కప్పు వూల్వర్‌హాంప్టన్ వైపు వెళ్లింది. ఆడపిల్లల ఫైనల్ నడిమైదానంలో జరిగింది. రెండు రోజుల్లో నేను చూసిన మంచి గోల్ అందులోనే పడింది. ఎడమ పక్క నుంచి, కీపరు తల మీదుగా, వాన చినుకుల్లో.

బహుమతులు పంచేసరికి సాయంత్రం ఏడు. ఇంకా ఎండ ఉంది. వలంటీర్లు చెత్త సంచులు మోస్తున్నారు, గుడారాల తాళ్లు విప్పుతున్నారు. మా చెల్లెలు రెండుసార్లు ఫోన్ చేసింది. పెద్దాయనకి చెప్పి వెళ్దామని వెతికితే కుర్చీ ఖాళీ. చివరి మైదానంలో, ఎత్తుపల్లాల దాంట్లో కనబడ్డారు. గోల్‌పోస్టు మధ్య నిలబడి ఉన్నారు, కోటూ మఫ్లరుతోనే. పన్నెండు గజాల దూరంలో మనవడు బంతి సర్దుకుంటున్నాడు. కొట్టాడు. బంతి ఆయన పక్కనుంచి వలలో పడింది. ఆయన కదల్లేదు.

‘కుడికాలితో అందరూ కొడతారు. ఎడమతో కొట్టు’ అన్నారు.

గోల్‌పోస్టు పీకడానికి వచ్చిన ఇద్దరు వలంటీర్లు సుత్తులు పట్టుకుని పక్కన నిలబడ్డారు. ఆయన వాళ్లవైపు తిరిగి రెండు వేళ్లు చూపించారు. ఇంకో రెండు.